విత్తే పిడికిలి

బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోశానని ఆ రోజు మా ఇంట్లో గొడవ మొదలైంది.

"అవి బర్రెకు పొయ్యాల్సిన నీళ్ళు. తొట్టి ఎండిపోయింది, కనపల్లేదా నీకు?" అని మా అత్త సుబ్బలక్ష్మమ్మ వంటింటి గడప మీదనే నిలదీసింది.

"చెంబుడు నీళ్ళు గదత్తా. చెట్టు వాడిపోతాంది."

"చెట్టు పాలిస్తాదా? అనంతపురం కాలేజీలో అదే నేర్పినారా నీకు, బర్రె నోరు కొట్టి ఆకుకు పొయ్యమని?"

అరుగు మీద పేపరు చదువుతున్న నా భర్త తిప్పేస్వామి తల ఎత్తకుండానే, "చెంబు నీళ్ళకు ఇంత పంచాయితీనా? చాలించండి" అన్నాడు.

"నీకేమప్పా, కూర్చున్న కాడికి కాఫీ వస్తాది" అని అత్త అటు తిరిగింది.

అంతలో వీధిలో బిందెల చప్పుడు వినిపించింది. నీళ్ళున్న బిందెలు అలా మోగవు. కాలనీ ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని పెద్దింటి వైపు నుంచి వెనక్కి వస్తున్నారు. ముందు బయమ్మ. ఆమె ముఖంలో కోపం కూడా లేదు. ఎండకు పొడిబారిన మట్టి ఎలా ఉంటుందో అలా ఉంది.

"మోటారు కాలిపోయిందా, బయమ్మా?" అని అడిగాను.

"మోటారు బాగానే ఉండాది, లలితక్కా. పెద్దాయప్ప కడుపు కాలింది. నామినేషన్ వేసినా గదా."

అది రెండు వేల ఒకటో సంవత్సరం, ఆగస్టు. మా గుట్టకిందపల్లెలో వాన చినుకు లేదు. విత్తనం ఇంకా ఎవరి చేనులోనూ పడలేదు. ఊరంతటికీ సర్కారు వేయించిన బోరు ఒక్కటే. అది నరసింహప్ప దొడ్డిలో ఉంది. ఆయన్ను మేమంతా పెద్దాయప్ప అంటాం, ఆయన ఇంటిని పెద్దిల్లు అంటాం. బోరు వేయించిన నాడు ఆయన సర్పంచి కాబట్టి గుంత ఆయన పశువుల కొట్టం పక్కన పడింది, మోటారు స్విచ్చి ఆయన గోడకెక్కింది. ఇప్పుడు సర్పంచి పదవి ఆడవాళ్ళకు వచ్చింది. ఆయన తన పెద్ద కోడలి చేత నామినేషన్ వేయించాడు. ఎదురు ఎవరూ నిలబడరనుకున్నాడు. బయమ్మ నిలబడింది. ఆమె అడిగింది ఒక్కటే, సర్కారు బోరు స్విచ్చి పంచాయితీ గోడకు రావాలి. గెలిస్తే కాలనీకి నీళ్ళు. ఓడితే ఆ స్విచ్చి ఎవరి గోడ మీదుందో వాళ్ళ దయ.

ఓడించడం ఆయనకు కష్టం కాదు. మా ఊళ్ళో ఓటు చూపించి వేయాలి. తెర వెనకాల ముద్ర వేసి, పెట్టె దగ్గరకు వెళ్ళే దారిలో పెద్దింటి ఏజెంటు కూర్చున్న బెంచీ ముందు కాగితం విప్పి, ఆయన తల ఊపిన తర్వాత మడిచి వేయాలి. అధికారి ఆ సమయానికి తన కాగితాల్లో ఏదో వెతుక్కుంటాడు. చూపించని ఇంటికి మరునాటి నుంచి నీళ్ళుండవు. ఆ బెంచీ మీద కూర్చునే ఏజెంటు నా భర్తే. మా తోట చీనీ కాయలు, అంటే బత్తాయిలు, పెద్దాయప్ప లారీలోనే మార్కెట్టుకు పోవాలి, అందుకని.

రెండు రోజుల తర్వాత కాలనీ ఆడవాళ్ళు మా వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. వాన ఎప్పుడు పడినా గింజ సిద్ధంగా ఉండాలి. పెద్దింటి కాయలు కూడా వాళ్ళే ఒలిచి మూటలు కట్టి వచ్చారు. తాగే నీళ్ళకు వంకలో ఇసుక తవ్వి, చెలమలో ఊరిన నీళ్ళను చిప్పతో తోడుకుంటున్నారు. అయినా పని దగ్గర మాటలు ఆగవు.

"తిప్పన్నా, నీ పెండ్లామేమో మాకు ఏజెంటుగా కూర్చుంటానంటాండాది. నువ్వేమో ఆ పక్క. ఇంట్లో పొయ్యి ఒకటేనా, రెండా?" అని ఒకామె అంటే అందరూ నవ్వారు.

ఆయనకు నవ్వు రాలేదు. "చూపించి వేస్తే ఏం పోతాది మీకు? ఓటేమన్నా దొంగసొత్తా, దాచిపెట్టేదానికి?"

బయమ్మ కాయ నొక్కుతూనే అడిగింది. "సోమందేపల్లె సంతలో కోడెను అమ్మేటప్పుడు తువ్వాల కింద చెయ్యి పెట్టి వేళ్ళు పట్టుకోని బేరమాడతావు గదన్నా. అది దొంగసొత్తా? నలుగురికీ చూపించి చెప్పు ఈసారి."

"అది బేరం."

"ఇది మా నీళ్ళు."

ఆయన పేపరు మడిచాడు. "అమెరికాలోనే ఓట్ల లెక్క సగంలో ఆపేసినారు, తెల్సా? పోయిన చలికాలం రోజూ చదివినా. ఆడ కార్డుకు బొక్క కొట్టి ఓటేస్తారంట, ఆ బొక్క సరిగ్గా పడలేదంట. పడినట్లా, పడనట్లా అని నెలరోజులు కొట్లాడినారు. కడాకు పెద్ద కోర్టే లెక్క ఆపమనింది. అంత పెద్ద దేశంలోనే దిక్కు లేదు, ఈ పల్లెలో రూల్సు మాట్లాడతాండారు మీరు."

"బొక్క పడకపోతే ఎవరి తప్పు? మనిషి తప్పా, యంత్రం తప్పా?" బయమ్మ నన్ను అడిగింది.

"దాని మీదనే కొట్లాట" అన్నాను. "ఓటరు మనసు కాగితం మీద తెలుస్తుంటే లెక్కపెట్టాలని కొందరు. ఒక్కోచోట ఒక్కో పద్ధతి, అది న్యాయం కాదని కొందరు."

"మనసు తెలుస్తాంటే లెక్కపెట్టాల గదా. దానికి కోర్టెందుకు?"

కాలేజీలో రాజనీతి శాస్త్రం చదివిన రోజుల్లో ఈ ప్రశ్న నాకు పరీక్షలో రాలేదు. చదివినంతలో చెప్పాను. అమెరికాలో కూడా ఒకప్పుడు తెర లేదు. పార్టీకో రంగు కాగితం. ఏ రంగు కాగితం పెట్టెలో పడిందో మిల్లు యజమాని మనుషులు నిలబడి చూసేవాళ్ళు, మరునాడు పని ఉండేది కాదు. కూలీలూ రైతులూ ఏళ్ళ తరబడి గొడవ చేస్తే అందరికీ ఒకే రకం కాగితం, చాటున వేసే హక్కు వచ్చాయి. అప్పటికీ దక్షిణాది నల్లవాళ్ళను ఓటు దగ్గరికి రానివ్వలేదు. చదవమన్నారు, రాయమన్నారు, కొన్నిచోట్ల సీసా ముందు పెట్టి అందులో గింజలెన్నో చెబితేనే ఓటన్నారట.

వసారా గొల్లుమంది. "మమ్మల్ని అడిగింటే చెప్పింటిమి, శేరుకు ఎన్ని గింజలో."

బయమ్మ నవ్వలేదు. "చెప్పింటే ఇంగో సీసా తెచ్చింటారు లే. వాళ్ళేం చేసినారక్కా?"

"ఒక్కరొక్కరుగా పోయినవాళ్ళను కొట్టినారు. చంపినారు కూడా. తర్వాత ఊర్లకు ఊర్లే కలిసి పోయినాయి. జైళ్ళు నిండినాయి. అప్పుడు చట్టం మారింది."

తిప్పేస్వామి లేచి తోటకు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కాలనీలో అందరూ కూడారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ముసలి సుంకప్ప మొదట లేచాడు. ఆయన చిన్నప్పటి నుంచీ పెద్దింటి పాలేరు.

"బయమ్మ మంచి పిల్ల. కాదనను. కానీ సంగటి కెలకాలంటే ఎసట్లోకి నీళ్ళు కావాల, ధైర్యం పోసి కెలకలేం. చూపించి వేసినాం ఇన్నేండ్లు, బతికినాం. చూపించకుంటే ఆ చెలమ ఎన్నాళ్ళొస్తాది?"

"చూపించి బతికినామా, మామా?" అన్నాడు బయమ్మ భర్త కుళ్ళాయప్ప. "మోటారు వేసేటప్పుడు నీ కోడలు ఆయప్ప దొడ్లో పేడ ఎత్తుతాంది. అది కూలా? నీళ్ళకు మొక్కుబడా?"

సుంకప్ప కూర్చున్నాడు. వెనక నుంచి ఎవరో, "ఒకరు చూపించకుంటే ఆ ఇంటికే దెబ్బ. అందరం చూపించకుంటే ఎవరిని కొడతాడు?" అన్నారు.

"ఆ బెంచీ ముందరికి పోతే చేతులు వాటికవే విప్పుతాయమ్మా. అలవాటు" అంది సుంకప్ప కోడలు. నిజం చెప్పినందుకు ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు.

అప్పుడు బయమ్మ కుడిచెయ్యి ముందుకు చాచి పిడికిలి మూసింది.

మా పక్క చేను విత్తేటప్పుడు గొర్రు మగవాళ్ళు పడతారు. వెనకాల నడుస్తూ గింజలు వదిలేది ఆడవాళ్ళు. పిడికిలి తెరిచి చూడకూడదు. ఎన్ని గింజలున్నాయో, ఎన్ని పోతున్నాయో బొటనవేలికి తెలియాలి. గింజకు కన్ను తగిలితే మొలవదని నమ్మకం. రైతు వచ్చి పిడికిలి తెరిచి చూపమంటే ఆ సాలు అక్కడే వదిలేసి గట్టెక్కే హక్కు విత్తే మనిషికి ఉంది. పెద్దాయప్ప కూడా తన చేనులో ఏనాడూ చూపమనలేదు.

"చేన్లో విప్పమా, విప్పం. ఈడ కూడా విప్పొద్దు. ఓటు వేసేది గాదు, విత్తేది అనుకోండి" అంది బయమ్మ.

అది అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. పాత క్యాలెండరు కాగితాలు చింపి వారం రోజులు నేర్చుకున్నాం. కాగితం పిడికిట్లో ఎలా ఇమడాలి, పెట్టె సందులోకి ఎలా జారాలి. ఆడవాళ్ళు మగవాళ్ళకు నేర్పారు. సుంకప్ప వేళ్ళు వంగకపోతే కోడలు దగ్గరుండి వంచింది. ఎండు కాగితాల మీద నేర్చుకున్నాం. ముద్రకు తడి సిరా ఉంటుందన్నది మాలో ఎవరికీ తట్టలేదు.

పోలింగు బడిలో. తెల్లవారకముందే కాలనీ మొత్తం వరసలో ఉంది. లోపల ఒకే బెంచీ మీద ఒక చివర నేను, ఇంకో చివర నా భర్త. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మొదట బయమ్మ వచ్చింది. తెర వెనకాల ముద్ర వేసింది. పిడికిలి మూసుకుని బయటికొచ్చింది.

"చూపీ" అన్నాడు తిప్పేస్వామి లోగొంతుతో.

"విత్తనమన్నా. చూస్తే మొలవదు."

కాగితం పెట్టెలో పడింది. వెనక కుళ్ళాయప్ప. పిడికిలి. సుంకప్ప కోడలు. పిడికిలి. ఆ తర్వాత సుంకప్ప వంగని వేళ్ళను ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని బెంచీ దాటాడు. ఒక్కొక్కరూ దాటుతున్నకొద్దీ ఆ గదిలో గాలి బరువెక్కింది. నా భర్త చేతిలో పెన్ను ఉంది గానీ గుర్తు పెట్టడానికి ఏమీ లేదు.

పెద్దాయప్ప గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు పెంచే మనిషి కాదు. "ఏమప్పా తిప్పేస్వామీ, కండ్లు సరిగ్గా లేవా ఈ నడుమ?"

"మూసుకోని వేస్తాండారు పెద్దాయప్పా. కనపడలే."

"కనపడేటట్ల చెయ్యి."

ఆయన లేచి నిలబడ్డాడు. అప్పుడు వరసలో ముందున్నది మా అత్త. ఆమె తెర వెనక్కి వెళ్ళి వచ్చి, కొడుకు ఎదురుగా ఆగింది. ప్రతిసారీ కాగితం విప్పి చూపించే మనిషి. కొడుకు చెయ్యి సగం చాచాడు. ఆమె అతని చెయ్యి చూసింది, ముఖం చూసింది. పిడికిలి విప్పకుండానే పెట్టె దగ్గరికి నడిచింది.

తిప్పేస్వామి మళ్ళీ కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరినీ చూపమనలేదు.

మధ్యాహ్నం అక్కడే లెక్కింపు. కాలనీ అంతా బడి చుట్టూ ఎండలో కూర్చుంది. అధికారి వేరే మండలం నుంచి వచ్చిన పంతులు. కాగితాలు విప్పుతుంటే మొదట్లో మాకేమీ అర్థం కాలేదు. నలిగిన కాగితాలన్నీ ఆయన పక్కన ఒక కుప్పగా పెడుతున్నాడు.

"అవెందుకు పక్కన పెడుతున్నారు?" అని అడిగాను.

"రెండు గుర్తుల మీద పడిందమ్మా. చెల్లవు."

ఒకటి తీసి చూపించాడు. బయమ్మ గుర్తు కత్తెర మీద ముద్ర నిండుగా, గీతలతో సహా తెలుస్తోంది. పిడికిట్లో నలిగినప్పుడు తడి సిరా అంటుకుని పెద్ద కోడలి గుర్తు ఉంగరం మీద లేత మరక. పిడికిలి మూసినవాళ్ళందరి కాగితాలూ అంతే.

"సార్, ఇది ముద్ర, ఇది మరక. చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది. మడతలో అంటుకుంటే, వేసినవాళ్ళ ఉద్దేశం తెలుస్తుంటే, కొట్టెయ్యకూడదని మీ నిబంధనల్లోనే ఉంది."

బల్ల మీదున్న నిబంధనల పుస్తకంలో ఆ పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన చదివాడు. అది ఆయనకు తెలుసు. తెలుసని ఆయన కళ్ళలో కనబడింది. తర్వాత ఆ కళ్ళు గుమ్మంలో ఉన్న పెద్దాయప్ప వైపు, ఆయన వెనక ఆగి ఉన్న పోలీసు జీపు వైపు వెళ్ళొచ్చాయి.

"నేను చెల్లవన్నాను. కూర్చోండమ్మా."

నేను కూర్చోలేదు. నా భర్త వైపు చూశాను. ఆ ఉద్దేశం ఏమిటో ఆ గదిలో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. ఆయన నేల చూస్తున్నాడు.

కిటికీ దగ్గర నిలబడి బయమ్మ అంతా విన్నది. "అమెరికా బొక్క మాదిరేనా అక్కా?"

"అంతే."

"ఆడన్నా నెలరోజులు కొట్లాడినారు. ఈడ ఒక్క మాటతో పాయె."

చెల్లని కుప్ప గెలుపు తేడా కన్నా ఎత్తుగా ఉంది. పెద్ద కోడలు గెలిచినట్టు ప్రకటించారు. ఆమె ఆ రోజు ఇంట్లోంచి బయటికే రాలేదు.

"మళ్ళీ లెక్కపెట్టాల" అని కుళ్ళాయప్ప లేచాడు. ఆ మాట ఎండలో కూర్చున్న వాళ్ళందరి నోటా ఒకటే గొంతుగా లేచింది. పెట్టెకు సీలు వేసి జీపులోకి ఎక్కించబోతుంటే జనం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఎవరూ పెట్టెను ముట్టుకోలేదు. నేను అక్కడే ఉన్నాను, అందుకే రాస్తున్నాను, ఎవరూ ముట్టుకోలేదు. బయమ్మ తలుపు చట్టం పట్టుకుని నిలబడింది. పోలీసు లాఠీ ఆమె వేళ్ళ మీద పడింది. వదల్లేదు. మళ్ళీ పడింది. ఎముక విరిగిన చప్పుడు పక్కనున్న మా అత్తకు వినబడింది.

పెట్టె ఎత్తుకుపోబోయారని కేసు రాసి బయమ్మను, కుళ్ళాయప్పను జీపెక్కించారు. ఆమె కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది. విత్తే చెయ్యి. వేళ్ళు మూతపడటం లేదు.

పెద్దాయప్ప జనం వైపు తిరిగి, "ఎలక్షన్లు అయిపోయినాయి. ఇండ్లకు పోండి. నీళ్ళు కావాలనుకున్నోళ్ళు రేపు వచ్చి నాకు కనపడండి" అని చెప్పాడు, అంతే మెల్లగా.

మరునాడు ఎవరూ కనపడలేదు. కాలనీలో మళ్ళీ కూడారు. ఈసారి మొదట లేచింది సుంకప్పే.

"ఆయప్ప గింజల మూటలు మనమే ఒలిచి కట్టినాం. కొట్టంలో ఉండాయి. వాన పడితే రెండు దినాలే పదును. ఆ రెండు దినాలు ఆయప్ప చేన్లో ఒక్క పిడికిలి కూడా దిగకూడదు. గొర్రు ఎనక మనిషి లేకుంటే గింజ దానికదే పోయి మన్నులో పడుకుంటాదా, చూద్దాం. ఆ కాగితాలు మళ్ళీ లెక్కపెట్టేదాకా, బయమ్మ ఇంటికొచ్చేదాకా."

చేతులు లేచాయి. అన్నీ మూసినవే.

"అంతదాకా నీళ్ళు?" అంది సుంకప్ప కోడలు.

పొద్దున చెలమలో ఇసుక మాత్రమే వచ్చింది. అయినా ఎవరూ చేతులు దించలేదు.

నేను ఇంటికొచ్చేసరికి అత్త సంగటి ముద్దలు చేసి, ఊరిబిండి పచ్చడి నూరి పెట్టింది. ముగ్గురం తినడానికి కూర్చున్నాం. కాలనీలో ఏం తీర్మానించారో చెప్పాను. తిప్పేస్వామి తినకుండా వేళ్ళతో ముద్దను నొక్కుతున్నాడు.

"పెద్దాయప్ప కబురు పంపినాడు" అన్నాడు చివరికి. "కాలనీ పక్క నువ్వు పోకూడదంట. పోతే మన చీనీ కాయలు ఈసారి లారీ ఎక్కవంట."

మా తోటలోని బోరులో అరంగుళం నీళ్ళు వస్తాయి. మామ బతికున్నప్పుడు నాటిన చెట్లకు అవి చాలీ చాలవు. ఆ నీళ్ళ గురించి అడగాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. కంచం ముందు కూర్చున్నాక నోరు రాలేదు.

అత్త ఆయన కంచంలో ఊరిబిండి వేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"కొట్టేసిన ఆ కుప్పలో నా కాగితం కూడా ఉండాది. కన్న కొడుకుకు చీటీ విప్పి చూపించుకుంటా బతికినా ఇన్నేండ్లు. ఒక్కసారి మూసినా. దాన్నీ చెల్లదన్నారు." గిన్నె కింద పెట్టి మళ్ళీ అంది. "మీ నాయన గొర్రు పట్టిన్నాటి నుంచి మన చేన్లో గింజ వదిలింది ఆ బయమ్మ చెయ్యే. ఇరిగిన చప్పుడు ఇంగా చెవులోనే ఉండాది నాకు."

"ఏం చెయ్యమంటావమ్మా?"

"రేపు కరెంటొస్తానే మోటారు వెయ్. పైపు చీనీ చెట్ల పక్క గాదు, కాలనీ పక్క తిప్పు. బయమ్మ వచ్చేదాకా ఆ నీళ్ళు వాళ్ళవే."

"చెట్లు ఎండిపోతాయి. నాయన నాటిన చెట్లు."

"ఎండనీ."

"పెద్దాయప్ప ఊరుకోడు."

"ఊరుకోడని తెల్సే చెప్తాండా."

ఆయన నా వైపు చూశాడు. నేను కంచంలోకి చూడలేదు, ఆయన్నే చూశాను.

"మరి బర్రెకో?" అన్నాడు ఆయన, ఇంకేమీ తోచక.

"దానికి బియ్యం కడిగిన నీళ్ళుండాయి. కరివేపాకు చెట్టుకు పొయ్యకుంటే చాలు" అంది అత్త. "తిను. చల్లారిపోతాంది."